దారి ఇవ్వాల్సింది ఎవరు?

అంబులెన్స్ వస్తుంటే పక్కకు తప్పుకోవాలన్న నియమం మన చట్టాల్లో ఒకే ఒక్క వాక్యంగా ఉండేది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జులై 1న అమల్లోకి వచ్చినప్పుడు, దాని 118వ సెక్షన్ కింద చేసిన రహదారి నియమాల్లో పదోది అది. అగ్నిమాపక వాహనం గానీ అంబులెన్స్ గానీ దగ్గరకు వస్తే ప్రతి డ్రైవరూ రోడ్డు పక్కకు జరిగి దానికి అడ్డులేని దారి ఇవ్వాలంది. ఈ నియమం మీరినవాళ్లకు ముప్పై ఏళ్ల పాటు పడిన శిక్ష సాధారణ జరిమానాయే, అదీ మొదటిసారి వంద రూపాయలకు మించదు. 2019 సవరణతో 194ఇ సెక్షన్ వచ్చాక శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ అయింది. ఖమ్మం నగరంలో వైరా రోడ్డు మీద ఈ నియమానికి పూర్తి అర్థం ఉంది. అక్కడ ముందు లారీ ఉంటుంది, వెనక సైరన్ ఉంటుంది, పక్కకు జరగడానికి జాగా ఉంటుంది. కొత్తగూడెం, పాల్వంచ దాటి, గోదావరి కూడా దాటి చర్ల వైపో చింతూరు వైపో అడవి అంచుకు చేరేసరికి ఆ అర్థంలో సగమే మిగులుతుంది. అక్కడ రోగికి అడ్డుపడేది ఎదుటి డ్రైవర్ మొండితనం కాదు. వాగు, గుట్ట, తెగిన కల్వర్టు, అసలు వెయ్యని రోడ్డు అడ్డుపడతాయి. అందుకే, ప్రమాదంలో ఉన్న మనిషికి దారి ఇవ్వాలన్న బాధ్యతను చట్టం ఒక్క డ్రైవర్ మీద పెట్టి ఊరుకోవడం ఈ అడవి ప్రాంతం విషయంలో న్యాయం కాదని నా వాదన. ఆ బాధ్యతలో పెద్ద వాటా ప్రభుత్వానిది. ఈ ప్రాంతపు చరిత్రే అందుకు సాక్ష్యం.

ఇక్కడ దారులు ముందు ఎవరి కోసం పడ్డాయో చూడాలి. 1860 ఒప్పందంతో గోదావరి ఎడమ గట్టు తాలూకాలను నిజాం బ్రిటిష్ వారికి అప్పగించాడు. భద్రాచలం కొంతకాలం సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని అప్పర్ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మారింది. నదికి ఇవతల బూర్గంపహాడ్, పాల్వంచ మాత్రం నిజాం రాజ్యంలోనే ఉండిపోయాయి. ఒకే నదికి రెండు గట్లు, రెండు ప్రభుత్వాలు, రెండు రకాల కోర్టులు. రెండు గట్ల మీదా సమానంగా ఉన్నది వెట్టి ఒక్కటే. దౌరాకు వచ్చిన అధికారి సామాను మోయాలి, ఆయన గుడారాలు మోయాలి, ఎక్కలేని గుట్ట వస్తే ఆయన్నే డోలీలో మోయాలి. 1940ల్లో నిజాం రాజ్యంలోని గిరిజన ప్రాంతాల్లో తిరిగిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, పాపికొండల కొండరెడ్ల మీద 1945లో తెచ్చిన గ్రంథంలో కలప వ్యాపారుల గుప్పిట్లో ఆ జనం ఎలా చిక్కుకున్నారో వివరంగా రాశాడు. ఇదే ఏజెన్సీకి తూర్పున గూడెం కొండల్లో, బాస్టియన్ అనే అధికారి రోడ్డు పనికి కొండవాళ్లతో సరైన కూలి ఇవ్వకుండా చేయించిన చాకిరీ 1922 నాటి అల్లూరి సీతారామరాజు పోరాటానికి కారణాల్లో ఒకటి. రోడ్డు వేసినవాడికి ఆ రోడ్డు మీద హక్కు లేదు. అధికారి వస్తుంటే పక్కకు తప్పుకుని నిలబడాల్సింది అతడే. దారి అనేది కింది నుంచి పైకి, బలహీనుడి నుంచి బలవంతుడికి ఇచ్చేదిగా ఈ నేల మీద తరాల పాటు సాగింది.

సరుకుకు కూడా మనిషి కంటే ముందే దారి దొరికింది. సింగరేణి బొగ్గు కోసం రైలు ఈ అడవుల్లోకి వచ్చింది, టేకు కోసం కలప బాటలు పడ్డాయి. కొత్తగూడెంలోని రైల్వే స్టేషన్‌కు భద్రాచలం రోడ్ అని పేరు పెట్టారు గానీ అక్కడి నుంచి రాముడి గుడికి ఇంకా దాదాపు 40 కిలోమీటర్లు ఉంటుంది. బొగ్గు దొరికిన చోట రైలు ఆగిపోయింది. అయితే ఇదే బొగ్గు ప్రాంతంలో, 1988 మోటారు చట్టం కంటే ముందే, దారి బాధ్యతను వేరే పద్ధతిలో పంచిన చట్టం ఒకటి అమలైంది. 1952 గనుల చట్టం 21వ సెక్షన్ ప్రకారం, గనిలో గాయపడిన లేక జబ్బుపడిన కార్మికుణ్ణి ఆసుపత్రికి చేర్చే ఏర్పాటు గనిలోనే ఉండాల్సి ఉండేది. నూట యాభై మందికి మించి పనిచేసే గనిలో ప్రథమ చికిత్స గది కూడా పెట్టాల్సి వచ్చేది. గాయపడ్డవాడు ఆసుపత్రికి ఎలా చేరతాడన్నది అక్కడ అతడి అదృష్టానికి గానీ తోటివారి దయకు గానీ వదిలేసిన విషయం కాదు, యాజమాన్యం ముందుగా చేసి పెట్టాల్సిన పని. గనిలో దిగిన మనిషికి దక్కిన ఈ హామీ, ఆ గనికి కొద్ది దూరంలో వెదురు నరుక్కునే మనిషికీ తునికాకు కోసే మనిషికీ ఇంతవరకు దక్కలేదు.

ఏజెన్సీకి చట్టాలు ఎలా చేరాయన్నది కూడా గమనించాల్సిన సంగతి. 1939లో బ్రిటిష్ ఇండియా అంతటికీ మోటారు వాహనాల చట్టం వచ్చేనాటికి భద్రాచలం ఏజెన్సీ 1935 భారత ప్రభుత్వ చట్టం కింద పాక్షికంగా మినహాయించిన ప్రాంతం. గవర్నర్ ప్రత్యేకంగా ప్రకటన ఇస్తే తప్ప శాసనసభ చేసిన ఏ చట్టమూ అక్కడ అమలు కాదు. రాజ్యాంగం వచ్చాక ఐదో షెడ్యూలు ఈ పద్ధతిని తిరగేసింది. గవర్నర్ వద్దంటే తప్ప ఇప్పుడు చట్టాలన్నీ ఏజెన్సీకి వర్తిస్తాయి. కాగితం మీద చట్టం ఒక్క రోజులో నది దాటగలిగింది. వాహనం దాటడానికి చాలా ఏళ్లు పట్టింది. 1959లో భద్రాచలం తాలూకా ఖమ్మం జిల్లాలో కలిసినప్పటికి జిల్లా కేంద్రానికీ తాలూకాకూ మధ్య గోదావరి మీద వంతెన లేదు, పడవే దిక్కు. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ వంతెనను ప్రారంభించాకే చక్రం మీద కూర్చున్న రోగి చక్రం మీదే అవతలి గట్టుకు చేరడం మొదలైంది. దాని పక్కన రెండో వంతెన రావడానికి దాదాపు మరో అరవై ఏళ్లు పట్టింది. అంతకాలం ఆ ఒక్క వంతెనే బస్తర్ వైపు వెళ్లే లారీలకూ, శ్రీరామనవమి జనానికీ, మన్యం నుంచి వచ్చే రోగులకూ అందరికీ దారి.

ఇంత చరిత్ర వెనక ఉన్నందుకే 1989 నాటి ఆ ఒక్క వాక్యాన్ని నేను చిన్నదిగా చూడను. దారి విషయంలో హోదాను పక్కనపెట్టి అవసరాన్ని ముందుకు తెచ్చిన నియమం అది. అంబులెన్స్‌లో ఉన్నది ఎవరన్న ప్రశ్నే వెయ్యదు. లోపల కోయ గూడేనికి చెందిన బాలింత ఉంటే కలెక్టరు కారు కూడా పక్కకు జరగాల్సిందే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వది రకరకాల స్వరాలు పలికే హారన్లను మామూలు వాహనాలకు నిషేధించి, అంబులెన్స్, అగ్నిమాపక వాహనాల వంటి వాటికే ఆ వీలు ఉంచింది. అయినా పాత అలవాటు అంత తేలిగ్గా పోలేదు. హోదాకు గుర్తుగా ఎర్రబుగ్గ కార్లు ఎన్నో ఏళ్లు తిరిగాయి. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఎర్రబుగ్గల వాడకాన్ని బాగా కుదించింది. 2017 మే 1 నుంచి కేంద్రం వాటిని మంత్రుల కార్ల మీద నుంచి కూడా తీయించింది. అదే ఏడాది వచ్చిన కొత్త డ్రైవింగ్ నిబంధనలు అత్యవసర వాహనాల మధ్య కూడా ఎవరు ముందో వరుస పెట్టాయి. దారి పైవాడికి ఇచ్చేది కాదు, ప్రాణం మీదికొచ్చినవాడికి ఇచ్చేదన్న సూత్రం చట్టంలో నిలబడింది. కష్టపడి సాధించుకున్న సూత్రమది. నా ఫిర్యాదు దాని మీద కాదు, అది తారు రోడ్డు అంచున ఆగిపోవడం మీద.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్స్ సేవ మొదలై, తర్వాత ఉమ్మడి రాష్ట్రమంతటా విస్తరించాక ఆ అంచు ఎక్కడుందో అందరికీ స్పష్టంగా కనిపించింది. అంతకు ముందు రోగిని మంచం మీద మోసుకురావడం ఆ గూడెం ఇంటి కష్టంగానే ఉండిపోయేది. 108 వచ్చాక ఫోను చేస్తే బండి వస్తుందన్న హామీ పుట్టింది, కాబట్టి బండి ఎక్కడ ఆగిపోతోందో లెక్క తేలడం మొదలైంది. గూడెం నుంచి ఫోను వెళ్తుంది, అదీ సిగ్నల్ అందే గుట్ట ఎక్కితే. 108 పైలట్ తారు రోడ్డు చివరి దాకా వచ్చి ఆగుతాడు. అక్కడి నుంచి బంధువులు వెదురు బొంగుకు దుప్పటి కట్టి, లేదా నులక మంచానికి తాళ్లు కట్టి, వాగులో నడుము లోతు నీళ్లలో దిగి మోసుకొస్తారు. ఆశా కార్యకర్త వాళ్లతోనే నడుస్తుంది. ఒకప్పుడు అధికారిని మోసిన డోలీ ఇప్పుడు నిండు గర్భిణిని మోస్తోంది. మోసే భుజాలు మాత్రం అప్పుడు మోసిన వర్గానివే. తారు రోడ్డు మీదికి చేరాక 194ఇ సెక్షన్ ఆమెకు రక్షణ. అంతకు ముందు గడిచిన గంటల్లో ఆమెకు దారి ఇవ్వాల్సిన బాధ్యత ఎవరి మీదా రాసి లేదు. ఆమె ప్రాణానికి నిజమైన గండం ఆ గంటల్లోనే.

ట్రాఫిక్ చట్టం ట్రాఫిక్‌కు సంబంధించిందే, రోడ్డు వెయ్యడం వేరే శాఖ పని, రెండూ కలపడం సరికాదని ఇక్కడ ఒక అభ్యంతరం రావొచ్చు. పరిపాలన సౌలభ్యానికి ఆ విభజన సరైనదే. కానీ హక్కు దృష్టితో చూస్తే అది నిలవదు. హిమాచల్ ప్రదేశ్ కొండ పల్లెల రోడ్డు గురించి ఉమేద్ రామ్ శర్మ కేసులో సుప్రీంకోర్టు 1986లోనే తీర్పు చెప్పింది. కొండ ప్రాంతంలో ఉండేవాళ్లకు రోడ్డు అందుబాటులో ఉండడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనంది. పదేళ్ల తర్వాత 1996లో పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో, అత్యవసర వైద్యం అందించలేకపోవడానికి డబ్బు లేదన్న సాకు చెల్లదని, అంబులెన్స్ ఏర్పాటు కూడా ప్రభుత్వ బాధ్యతల్లోదేనని అదే కోర్టు చెప్పింది. ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదివితే, రోగికి దారి ఇవ్వడం డ్రైవర్ మర్యాదకూ జరిమానాకూ పరిమితమైన వ్యవహారం కాదని తేలుతుంది. జర్మనీ రహదారి నియమం ఈ ఆలోచనను రోడ్డు మీదే అమలు చేసింది. అక్కడ రెండు, మూడు వరుసల రోడ్ల మీద వాహనాల వేగం నడక స్థాయికి పడిపోగానే, సైరన్ వినిపించకముందే, ఎడమ వరుసవాళ్లు ఎడమకు, మిగతావాళ్లు కుడికి జరిగి మధ్యలో సందు ఉంచాలి. అంబులెన్స్ కనిపించాక కదలడం మన నియమం. ఎవరికి అవసరం పడుతుందో తెలియకముందే దారి సిద్ధం చేసి ఉంచడం వాళ్ల నియమం. మన్యానికి కావలసింది ఆ రెండో పద్ధతి.

అడవి పేరుతో వచ్చే అభ్యంతరం ఇంతకంటే బరువైనది. ప్రతి గూడేనికీ రోడ్డు వేస్తూ పోతే అడవి ముక్కలవుతుంది, రోడ్డు వెంట కలప దొంగలూ ఆక్రమణలూ వస్తాయి, 1980 అటవీ సంరక్షణ చట్టం ఉన్నది అందుకే అంటారు. పాల్వంచ దగ్గరి కిన్నెరసాని చుట్టుపక్కల అడవి ఎలా పలచబడిందో తెలిసినవారు ఈ మాటను కొట్టిపారేయలేరు. కానీ పార్లమెంటు ఈ చిక్కును 2006లోనే పరిష్కరించింది. అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ రెండో ఉపసెక్షన్ ప్రకారం రోడ్లు, ఆసుపత్రులు, బడులు, తాగునీరు వంటి పనులకు ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి నరకకుండా, గ్రామసభ సిఫారసు మీద ఇవ్వొచ్చు. ఢిల్లీ అనుమతి అవసరం లేదు. హెక్టారు భూమిలో నాలుగు లేన్ల రహదారి రాదు, రావాలని ఎవరూ అడగడం లేదు. వాగు మీద ఒక కల్వర్టు, ఒక బండి పట్టే వెడల్పున గట్టి బాట, మలుపు దగ్గర బండి తిరిగే జాగా చాలు. నిజమైన చిక్కు 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ హింస నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయల గూడేల దగ్గర ఉంది. హక్కుల గుర్తింపుకు చట్టం పెట్టిన గడువు 2005 డిసెంబరు 13. తర్వాత వచ్చినవాళ్లకు పట్టాలు లేవు, తెలంగాణలో గిరిజన గుర్తింపూ లేదు. వాళ్లకు భూమి హక్కు ఉందా లేదా అన్నది వేరుగా తేల్చాల్సిన విషయం. పట్టా లేని తల్లికి పురుటి నొప్పులు రాకుండా పోవు. ఆమె దగ్గరకు బండి చేరే ఏర్పాటు చేసినంత మాత్రాన ఆమెకు ఆ భూమి రాసిచ్చినట్టు కాదు.

రోడ్డును జనమే అనుమానంగా చూసే పరిస్థితి కూడా ఉంది. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదానాల్లో 500 మంది, ఐదో షెడ్యూలు ప్రాంతాల్లో 250 మంది జనాభా ఉన్న ఆవాసాలకు రోడ్డు అంది. కోయ గూడేలు, కొండరెడ్ల గూడేలు చాలావరకు అంతకంటే చిన్నవి. తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల కోసం ఈ హద్దును తర్వాత వందకు దించారు. 2016లో ఆ ప్రాంతాలకంటూ వేరే రోడ్ల పథకమే తెచ్చారు. భద్రత కోసం హద్దు దిగింది, ప్రసవం కోసం దిగలేదు. బలగాల కోసం వేసిన రోడ్డు మీద అంబులెన్స్ కూడా వెళ్తుందన్నది నిజమే. కానీ ముందు ఎక్కడ వెయ్యాలో నిర్ణయించేది ఏ అవసరమైతే రోడ్డు ఆ అవసరం వైపే వంగుతుంది. అందుకే మొదటి మాట గ్రామసభది కావాలి. ఏ వాగు దగ్గర మంచం మోసేవాళ్లు జారిపడతారో వాళ్లకు తెలిసినంతగా పోలీసు శాఖకు గానీ రోడ్ల శాఖకు గానీ తెలియదు.

రాష్ట్రాల సరిహద్దు ఈ కథలో కొత్త అడ్డంకి. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఏడు మండలాల భూభాగాన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రకు పోయింది. ఆసుపత్రి ఇటు, రోగులు అటు. భద్రాచలం ఏరియా ఆసుపత్రికి చింతూరు, కూనవరం నుంచే కాక ఛత్తీస్‌గఢ్, ఒడిశాల నుంచి కూడా జనం వస్తారు. సరిహద్దు రోగిని ఆపగలదా అన్న ప్రశ్నకు 2021 మే నెలలో జవాబు దొరికింది. కోవిడ్ ఉధృతిలో ఆంధ్ర నుంచి వస్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు పుల్లూరు వంటి సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర నిలిపేశారు. ముందస్తు అనుమతి ఉండాలన్న ప్రభుత్వ ఉత్తర్వు అమలును తెలంగాణ హైకోర్టు మే 14న ఆపింది. దారి ఇవ్వని డ్రైవర్‌కు జైలు అన్న చట్టం పుస్తకంలో ఉండగానే, ఆ దారిని ఆపింది ప్రభుత్వమే. అప్పుడు 194ఇ సెక్షన్ కింద ఎవరి మీదా కేసు పెట్టే వీల్లేదు, ఎందుకంటే అది డ్రైవర్ తప్ప మరెవరూ దారి మూయలేరన్న నమ్మకంతో రాసిన సెక్షన్.

గోదావరి వరదను ఏ చట్టం ఆపుతుందని అడిగేవాళ్లకు కూడా గోదావరే సమాధానం చెప్పింది. 1986లో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. వంతెన మీద రాకపోకలు ఆపేయాల్సి వచ్చింది. చింతూరు దగ్గర శబరి పొంగితే జాతీయ రహదారి 30 కూడా మునుగుతుంది. అయితే వరద చెప్పకుండా రాదు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని లెక్క ఉంది. ఆ లెక్కను నమ్ముకుని, వరద రాకముందే నెలలు నిండిన గర్భిణులను ముంపు గ్రామాల నుంచి ఆసుపత్రులకు తరలించే పద్ధతి ఇక్కడ మొదలైంది. జర్మనీ రహదారి నియమంలోని సూత్రమే ఇది. సైరన్ మోగకముందే దారి సిద్ధం కావడం. వరదల్లో చేయగలిగిన పనిని మామూలు రోజుల్లో, రోడ్డు లేని గూడేలకు, ఏడాది పొడవునా చేయలేకపోవడానికి సాంకేతిక కారణమేదీ లేదు.

జరిమానా పెంచితే సరిపోతుందన్న ఆశ కూడా ఈ చరిత్ర ముందు నిలవదు. 2019 సవరణలోని పెంచిన జరిమానాలను అమలు చేయబోమని తెలంగాణ ప్రభుత్వం ఆ ఏడాది సెప్టెంబరులోనే ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్ 2020 అక్టోబరులో జరిమానాలు పెంచింది. సరిహద్దుకు ఇటు ఒక రేటు, అటు ఒక రేటు అయినా, తారు రోడ్డు మీదికి ఎప్పుడూ చేరని రోగికి రెండూ ఒకటే. పట్టణాల్లో సైరన్‌ను లెక్కచెయ్యని డ్రైవర్‌కు శిక్ష పడాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ రోడ్డు చివర ఆగిపోయిన అంబులెన్స్‌ను కూడా దారి దొరకని అంబులెన్స్‌గానే చట్టం లెక్కించాలి. భద్రాచలం, చింతూరు ఐటీడీఏలు (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు) రెండూ కూర్చుని 108 బండి ఆగిపోయే చోట్లన్నిటినీ గ్రామసభల చేత గుర్తింపజేసి, ఆ పట్టికను ఏటా బయటపెట్టాలి. అటవీ హక్కుల చట్టం కింద ఆ బాటలకు అనుమతి ఇచ్చే అధికారం జిల్లాలోనే, డివిజనల్ అటవీ అధికారి చేతిలోనే ఉంది. మొదటి బాటకు ఈ వేసవిలోనే, వాగులు పొంగకముందే అనుమతి ఇవ్వండి.